ఎడమ చెయ్యి వదలదు

పొద్దున్నే పక్క సర్ది, ఆ మంచం ముందే నిలబడి బంతులెగరెయ్యడం కటింగు మాస్టరుకి పది రోజులుగా అలవాటైంది. మంచం ఎందుకంటే, జారిన బంతి దాని మీదే పడుతుంది, నేల మీద వెతుక్కోనక్కర్లేదు. అది భార్య చెప్పిన కిటుకు. మాస్టరుకి మాత్రం మంచం ఇంకో రకంగా కలిసొచ్చింది. పరుపు మీద పడ్డ బంతి గొంతు కాస్త అణిగి ఉంటుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ల బంతులు మాట్లాడతాయి కదా. చెయ్యి జారిన ప్రతి బంతీ, ఆ మనిషి ఎప్పుడో నోట జారనిచ్చిన అనకూడని మాటొకటి అతని గొంతుతోనే పైకి అనేస్తుంది. చెయ్యి కుదిరేదాకా అంతే. ఆ తర్వాత బంతులు వాటంతటవే నోరు మూసుకుంటాయి.

మూడో రోజు ఒక బంతి పరుపు తప్పి గచ్చు మీద పడి, "కింది వాటావిడ పాట అందుకుంటే తలుపుకి నూనె వెయ్యాలనిపిస్తుంది" అంది. కాసేపట్లో కింది వాటావిడ నూనె సీసాతో మెట్లెక్కి వచ్చింది.

"ఏ తలుపండీ, అన్నయ్యగారూ?"

మాస్టరు చేతులు జోడించాడు. "తప్పయిపోయిందమ్మా."

"పర్లేదులెండి. మా ఆయన నేర్చుకున్నప్పుడు మా అమ్మ విన్న మాటలతో పోలిస్తే ఇదెంత" అని నవ్వి ఆవిడ వెళ్లిపోయింది. నూనె సీసా మాత్రం గుమ్మం దగ్గర పెట్టి మరీ వెళ్లింది.

ఈ తంటా అంతా భార్య కోసం. పెళ్లికి ముందు ఆమె సర్కస్‌లో ఎనిమిదేళ్లు, ఆరేసి బంతులు ఒకేసారి గాల్లో తిప్పిన మనిషి. పెళ్లయ్యాక ఆ బంతులు బీరువా పైకెక్కాయి. ఈ మధ్య వీధి చివరి బడిలో పిల్లలకి ఈ విద్య నేర్పేవాళ్లు కావాలంటే వెళ్లి అడిగింది. "మీకు వచ్చంటే నమ్ముతాను. నేర్పడం వచ్చా?" అంది పెద్ద టీచరు. "ఏమీ రాని మనిషినొకణ్ణి పదిహేను రోజుల్లో తయారుచేసి తీసుకురండి."

"ఏమీ రాని మనిషి అనగానే మీరే గుర్తొచ్చారు" అంది భార్య ఇంటికొచ్చి. ఆమె మొహం అంత వెలుగుతూ ఉండగా చూసి చాలా ఏళ్లయింది. మాస్టరు వెంటనే సరేనన్నాడు. అన్నాక ఒక మాట గుర్తొచ్చింది.

ఏడేళ్ల కిందటి మాట. యూనిఫారాలు కుట్టే యూనిట్‌లో మాస్టరు పనికి కుదిరిన కొత్త. ఒకరోజు మేనేజరు చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చాడు. భార్య వెలిసిపోయిన చీర ఎగదోపుకుని గచ్చు తుడుస్తోంది. ఎవరని అడిగాడు మేనేజరు. భార్య అంటే, ఏ ఊరు, ఏం చేసేది అని అడుగుతాడు, సర్కస్ బయటపడుతుంది, నామోషీ అవుతుంది. మాస్టరు అంత దూరం ఆలోచించి గొంతు తగ్గించి, "ఆవిడా? మా పనిమనిషండీ" అన్నాడు. తర్వాత ఆమె రెండు కప్పుల టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. తాగేదాకా గుమ్మం పక్కన నిలబడి, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది. విన్నదో లేదో మాస్టరు ఇప్పటికీ అడగలేదు. ఆమె గచ్చు తుడిచినప్పుడల్లా మాత్రం ఏదో పని కల్పించుకుని బయటికి పోతాడు.

ఏ బంతి ఎప్పుడు ఆ మాట అంటుందోనని ఇప్పుడు ఆయనకి మనసు కుదుట లేదు. భయంతో బంతిని బిగించి పట్టేవాడు. దానికి తోడు వృత్తి అలవాటొకటి. కటింగులో కుడిచెయ్యి కత్తెర నడిపితే, ఎడమ చెయ్యి బట్టని అదిమి పట్టి ఉంచాలి. వదిలితే పొరలు జరిగి యాభై చొక్కాలు పాడవుతాయి. ఇరవై ఏళ్లుగా అదిమిన ఆ చెయ్యి, బంతి విసరమంటే వినదు.

"మొదటిది పైకెళ్లి ఆగినట్టు అనిపిస్తుంది చూడండి, అప్పుడు ఎడమచేతిది వదలాలి" అంది భార్య. "పడితే పడనివ్వండి. నేనేం అనుకోను."

ఆ చివరి మాటకి మాస్టరు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

పదిహేనో రోజు బడి హాల్లో పెద్ద టీచరు రిజిస్టరు తెరుచుకుని కూచుంది. పక్క కుర్చీలో బడి కమిటీ తరఫున ఒకాయన. చూస్తే మేనేజరే. అయినా మాస్టరు ఎడమ చేతిని బలవంతాన కదిపి ఎలాగో నాలుగు విసుర్లు విసిరి నాలుగూ పట్టాడు. పెద్ద టీచరు తలూపి కలం తీసింది.

"ఒక్క నిమిషం" అన్నాడు మేనేజరు. "ఈవిడ మా మాస్టరుగారింట్లో పనిమనిషి. నేను కళ్లారా చూశాను. సర్కస్ అని మీతో చెప్పిందా?"

కలం ఆగింది. భార్య చీర చెంగు సరిచేసుకుని, తలుపు వైపు చూసింది. ఇంకొక్క క్షణం ఆగితే వెళ్లిపోయేలా ఉంది.

చెప్పాలని మాస్టరు నోరు తెరిచాడు. మాటకి బదులు కుడిచేతి బంతి ఎగరేశాడు. అది పైన ఆగినట్టు అనిపించింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఎడమ చెయ్యి దానంతటదే వదిలింది. మొదటి బంతి దాని అరచేతిలో వచ్చి పడింది, రెండోది ఎదురుగానే దిగింది. పట్టుకోగలిగేవాడే, పట్టుకోలేదు.

"ఆవిడా? మా పనిమనిషండీ" అంది బంతి నేల మీద, మాస్టరు గొంతుతో. కింద పరుపు లేదు. హాలంతా వినిపించింది.

అనకూడని మాటనే బంతులు అంటాయని అక్కడ తెలియనివాళ్లు లేరు. మేనేజరు తల దించుకున్నాడు. మాస్టరుకి తల కొట్టేసినట్టయింది.

పెద్ద టీచరు ఆయన్ని ఎగాదిగా చూసి, భార్య వైపు తిరిగింది. "ఈయన మీకేమవుతారు?"

ఇప్పుడు ఆమె ఏమన్నా అనవచ్చు. ఇంటి నౌకరనీ అనవచ్చు. అలా అంటే బాగుండునని, బరువు కాస్త దిగుతుందని మాస్టరు ఆశపడ్డాడు. ఆమె వంగి బంతి తీసింది. చెంగుతో దుమ్ము తుడిచింది.

"మా ఆయనండీ" అంది. "కొత్తగా నేర్చుకుంటున్నారు."

కలం రిజిస్టరు మీద కదిలింది. మాస్టరు కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తబోతే, ఆమె ఆ చేతిలో బంతి పెట్టింది.

"ఎడమ చెయ్యి వదిలింది, చూశారా? మళ్లీ మొదట్నించి."