బయటకు వెళ్లిన సమయం

నేను ఒక రిజిస్టరును. విశాఖ ఊరి అంచున, కొండ అడవి గేటు దగ్గర ఉంటాను. ప్రస్తుతం అటవీ అధికారి చేతుల్లో ఉన్నాను. సాయంత్రం నాలుగున్నర. కొండమీద మబ్బు కమ్ముకొస్తోంది. పొద్దున్న ఈ గేటులోంచి నడకకు వెళ్లిన హైమావతి టీచరు ఇంకా ఇల్లు చేరలేదు.

ఆవిడ ఎప్పుడో వెళ్లిపోయిందని చెబుతున్నది మాత్రం నేనే. నలభై మూడో పేజీ, ఆరో వరుస. లోపలికి వచ్చిన సమయం 6.05. బయటకు వెళ్లిన సమయం 8.10. ఆ ఎనిమిది మామూలు ఎనిమిది కాదు. ఒకదానిమీద ఒకటి నిలబెట్టిన రెండు సున్నాలు.

"చూడమ్మా," అధికారి టీచరు కూతురు స్వర్ణకు నన్ను తెరిచి చూపించాడు. "మీ అమ్మగారు ఎనిమిదింటికే బయటికొచ్చేశారు. అడవిలో లేని మనిషిని అడవిలో ఎలా వెతకమంటారు?"

"ఊరంతా వెతికామండీ. ఫోను కలవట్లేదు. మా అమ్మ చెప్పకుండా ఎక్కడికీ వెళ్లదు."

స్వర్ణ చెప్పేది నిజం. అబద్ధం నా ఒంటిమీద ఉంది. రాసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఏం లాభం? నోరు లేదు.

పూర్ణా మార్కెట్ దగ్గర బైండింగు షాపులో ఎర్రగుడ్డ వీపుతో పుట్టాను. మొదట ఒక అపార్ట్‌మెంటు గేటులో పనిచేశాను. ఆరు పేజీలు నిండాయో లేదో, వాళ్లు ఫోనులోనే అన్నీ నొక్కడం మొదలుపెట్టారు. దాంతో ఆ అపార్ట్‌మెంటు కార్యదర్శి కనకరాజు గారు నన్ను అడవికి దానం చేశారు. దానమిస్తూ ఫొటో కూడా తీయించుకున్నారు. టీచరు కూడా ఉన్న ఉదయం నడక బృందానికి అధ్యక్షులు ఆయనే.

తునికి, మద్ది, ఏగిస చెట్ల మధ్య మూడు నడక దారులున్నాయి. వాగు దారి అన్నిటికంటే పొడవు, రాళ్లు జారుడు. మనుషులు గడియారం మరిచిపోవడానికి అడవికొస్తారు. వచ్చీరాగానే నా మీద టైము రాస్తారు. వెళ్లేటప్పుడు మాత్రం ఇడ్లీల తొందర. పదిమంది వెళతారు, అందరి పేర్ల ఎదురుగా ఒక్కరే రాసేస్తారు.

"ఆవిడ మాకంటే ముందే దిగిపోయింది సార్," అన్నారు కబురు విని వచ్చిన కనకరాజు గారు. "ఈ పైడయ్య టీకి పోయుంటాడు. ఖాళీలు నింపేది కూడా ఇతనే. అందరికీ తెలిసిందే."

గేటు వాచరు పైడయ్య తల దించుకున్నాడు. "తమరు తిడతారని ఒకటో రెండో నింపీసినాను బాబూ. ఇది మాత్రం నాను రాయలేదు. పైడితల్లమ్మ తోడు."

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు అధికారి.

కనకరాజు గారు స్వర్ణ వైపు జాలిగా చూశారు. "ఏమైనా తెలిస్తే నాకు చెప్పమ్మా," అంటూ అదే పేజీ అంచున తన ఫోను నెంబరు రాశారు. అందులో మూడు ఎనిమిదులున్నాయి.

పైడయ్య అవేవీ పట్టించుకోలేదు. గేటు పక్కనున్న డ్రమ్ము దగ్గరికెళ్లి అందులోని చేతికర్రలు లెక్కపెడుతున్నాడు. నడకకు వచ్చేవాళ్లకు ఇచ్చే వెదురు కర్రలవి.

"కర్రలు పన్నెండు బాబూ. పదకొండే ఉన్నాయి."

"ఎవడో పట్టుకుపోయుంటాడ్రా!" కసిరాడు అధికారి.

"పొద్దున్న ఆ కర్ర టీచరమ్మగారికి నానే ఇచ్చినాను. వాగు దారికెల్తానన్నారు. కర్ర డ్రమ్ములో ఎయ్యకుండా ఆయమ్మ ఏనాడూ ఇంటికెల్లనేదు." ఈల తీసి మెడలో వేసుకున్నాడు. "ఉజ్జోగం ఎలాగూ తీసీసినారు కదా, ఇంక నన్నాపీదెవులు?"

పరుగెత్తాడు. వెనకే స్వర్ణ. ఆమె వెనక తిట్టుకుంటూ అధికారి, ఇద్దరు సిబ్బంది.

బల్లమీద నేను, ఎదురుగా కనకరాజు గారు మిగిలాం. చినుకులు మొదలయ్యాయి. వాన గట్టిపడితే వాగు ఎంతలో పొంగుతుందో ఈ గేటులో అందరికీ తెలుసు. ఆయన అటూ ఇటూ చూశారు. నలభై మూడో పేజీ తీశారు. పేజీ మూల రెండు వేళ్ల మధ్య పట్టుకున్నారు. కుట్టు దగ్గర నా దారం బిగిసింది.

కొండమీంచి పైడయ్య ఈల వినపడింది. ఒకటి. రెండు. మూడు.

ఆయన వేళ్లు వదిలేశాయి.

అరగంటకు టీచరును చేతులమీద కూర్చోబెట్టుకుని దించారు. కాలి చీలమండ వాచిపోయింది. కళ్లజోడు ఒక అద్దం పగిలింది. చీర నడుందాకా తడిసింది. కర్ర మాత్రం చేతిలోనే ఉంది.

"రాళ్ల సందులో ఇరుక్కుపోయినారు," రొప్పుతూ చెప్పాడు పైడయ్య. "నీరు నడుందాకా వచ్చీసింది బాబూ."

"నువ్వు ఎనిమిదింటికే వెళ్లిపోయావని రాసుందమ్మా," స్వర్ణ ఏడుస్తోంది. "అందుకే ఇంతసేపూ లోపల ఎవరూ వెతకలేదు. పైడయ్యే రాశాడని పనిలోంచి కూడా తీసేశారు."

"ఏదీ, ఇటివ్వు."

టీచరు నన్ను ఒళ్లో పెట్టుకుంది. తడి వేలు ఆరో వరుసలో 8.10 మీద ఆగింది. అక్కణ్ణుంచి మెల్లగా పేజీ అంచుకు, ఫోను నెంబరులోని ఎనిమిదుల మీదకు జరిగింది. ముప్పై నాలుగేళ్లు పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన వేలు అది.

"ఈ నెంబరు ఎవరిది?"

"ఆయనదేనమ్మా," చూపించింది స్వర్ణ.

టీచరు కర్ర పైడయ్యకు అందించింది. "డ్రమ్ములో వెయ్యి నాయనా." తర్వాత పగిలిన అద్దంలోంచి తలెత్తి చూసింది.

"నేను వాగులో ఉండగానే నన్ను ఇంటికి పంపించేసింది మీరేనండీ, కనకరాజు గారూ."