కుడి సీట్లో చెయ్యి

సిమ్యులేటర్ పరీక్షలో తాను చెడగొట్టుకున్న ల్యాండింగ్‌ని మళ్ళీ తెరమీద వేయించుకుని చూస్తున్న బుల్లి కెప్టెన్‌కి, విమానం నేలకి దిగే ఆఖరి క్షణంలో తన చేతితో పాటు ఇంకో చెయ్యి కూడా దాన్ని నడుపుతున్నట్టు కనిపించింది.

తెరమీద రెండు గుర్తులున్నాయి. ఎడమది ఆమె స్టిక్, అంటే విమానాన్ని నడిపే చేతిపుల్ల. అది ముక్కుని పైకెత్తుతోంది. కుడిది అసలు కదలకూడదు. కానీ వెంట్రుకవాసి ముందుకి జరిగింది. ముక్కు వాలింది, చక్రాలు ధన్‌మని నేలకి కొట్టుకున్నాయి. అంతకుముందు తప్పిన పరీక్షని కూడా వేయించుకుని చూసింది. అదే చోట, అదే కదలిక.

రెండుసార్లూ ఆ కుడి సీట్లో కూర్చున్నది పెదనాన్న.

నాన్నకి అన్నగారే కాదు, కంపెనీలో బోయింగ్ నడిపేవాళ్ళందరిలోకీ పెద్ద ఆయన. ఆమె చేత మొదటిసారి విమానం పట్టించినవాడు. ఎయిర్‌బస్ లైసెన్సు కూడా మొక్కుబడిగా తెచ్చుకున్నాడు కాబట్టి, దానికి మారేవాళ్ళ పరీక్షలకి పక్క సీట్లో ఆయన్నే వేస్తున్నారు. మారుతున్న బోయింగ్ వాళ్ళలో మొదటి మనిషి బుల్లి కెప్టెన్. పాతవాళ్ళు కొత్త విమానం నేర్చుకోగలరని తేలితే బోయింగ్‌లని ఈ ఏడాదే అమ్మేస్తారు. తేలకపోతే పెద్దవాళ్ళు రిటైరయ్యేదాకా ఉంచుతారు. ఆమె సంగతి వేరు. రేపటి పరీక్ష మూడోది, ఆఖరిది. అదీ పోతే కెప్టెన్ సీటు పోయినట్టే. ఆ తర్వాత నేలమీద, ఆఫీసులో, ఒక కుర్చీ.

ఎంత ఆలోచించినా ఒక ముడి విడలేదు. పెదనాన్న అది కావాలని చేశాడా, అలవాటుకొద్దీ చేశాడా?

బోయింగ్‌లో ఇద్దరి ముందూ ఉండే యోకులు, అంటే విమానాన్ని నడిపే పెద్ద పిడులు, జోడెద్దుల్లా కలిసే కదులుతాయి. నేర్పేవాడు వేళ్ళు ఆనించి ఉంచుతాడు. నేర్చుకునేవాడికి అది అరచేతిలో తెలుస్తుంది, ధైర్యంగా కూడా ఉంటుంది. వీళ్ళు మారుతున్న ఎయిర్‌బస్‌లో అలా కాదు. చెరోపక్క చెరో చిన్న స్టిక్, దేని దారి దానిది. విమానం ఇద్దరి మాటా కలిపి వింటుంది. రెండు చేతులూ గట్టిగా కదిలితే అరిచి చెబుతుంది. కొద్దిగా కదిలితే నోరెత్తదు. ఆ కొద్ది ఎంతో పెదనాన్నకి బాగా తెలుసు.

పరీక్షాధికారి దగ్గరికి ఇప్పుడే వెళ్తే? ఆడలేక మద్దెల ఓడంటోందని నవ్వుతారు. అలవాటమ్మా అని పెదనాన్న ఒక్క ముక్క అంటే అక్కడితో సరి. వద్దు. విమానం నడిపే తేల్చుకోవాలి. ఆమె తెర ఆపించి, ఇంటికి వెళ్ళి, కడుపునిండా తిని పడుకుంది.

మర్నాడు పొద్దున క్యాంటీన్‌లో ఎప్పట్లాగే కిటికీ వైపు బల్ల బోయింగ్ వాళ్ళది, తలుపు వైపుది ఎయిర్‌బస్ వాళ్ళది. ఎయిర్‌బస్ వాళ్ళలో 'పళ్ళెం' అనే పైలట్ ఉన్నాడు. తన విమానంలో యోక్ లేని చోట మడతబల్ల ఉందనీ, దానిమీద దర్జాగా భోంచేస్తాననీ చెప్పి చెప్పి ఆ పేరు తెచ్చుకున్నాడు.

"ఏమ్మా బుల్లి కెప్టెన్, ఇవాళైనా ఆ యోకనే నాగలి వదిలేస్తావా? ఎన్నాళ్ళని అన్నం ఒళ్ళో పెట్టుకుని తింటావ్?"

"విమానం నడపడానికి వచ్చావా, విందుకొచ్చావా?" అన్నాడు పెదనాన్న అటు తిరక్కుండానే. "పుల్ల పట్టుకుని కంప్యూటర్‌ని బతిమాలుకునే ఉద్యోగం నీది. మాది చేత్తో చేసే పని."

"వంట కూడా చేత్తోనే కలపొచ్చు పెద్దాయనా. మరి గరిటె ఎందుకు కనిపెట్టారంటారు?"

రెండు బల్లలూ నవ్వాయి. పెదనాన్న నవ్వలేదు. ఆమె వైపు వంగి గొంతు తగ్గించాడు. "అమ్మడూ, ఇవాళ కూడా రాకపోతే మనసు పాడుచేసుకోకు. చేతికి ఒకటి అలవాటయ్యాక ఇంకోటి ఎక్కదు."

"నాకు రెండూ నచ్చాయి పెదనాన్నా."

"ఇద్దరు పెళ్ళాలవాడు కూడా పైకి అలాగే అంటాడే."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఏమీ ఎరగనట్టు అడిగింది. "ఒక చిన్న మాట. దిగేటప్పుడు మీ చెయ్యి ఒళ్ళో పెట్టుకోండి. పక్కన ఇంకో చెయ్యి ఉంటే నాకు కంగారు."

"అంతేనా? అలాగే పెట్టుకుంటాలే. నీకంటేనా?" అన్నాడాయన.

ఇక అలవాటన్న మాటకి చోటు లేదు. ఆయన చెయ్యి ఒళ్ళోనే ఉంటే పరీక్ష తప్పేది తన చేతకానితనం వల్లే. లేకపోతే కంచే చేను మేసినట్టు.

సిమ్యులేటర్‌లో వెనక కూర్చున్న పరీక్షాధికారిని అందరూ 'ఉప్పులేనాయన' అంటారు. పొగడడు, తిట్టడు. ఒక ఇంజన్ ఆపేశాడు, పక్కగాలి పెంచాడు. బుల్లి కెప్టెన్ దేనికీ తొణకలేదు. రన్‌వే ఎదురొచ్చింది. విమానం గొంతు మిగిలిన ఎత్తుని లెక్కపెడుతోంది. ఆమె పక్కకి చూడలేదు. చూస్తే ఆయన జాగ్రత్త పడతాడు.

ముక్కు ఎత్తే క్షణం వచ్చింది. స్టిక్ వెనక్కి లాగుతూనే దాని మీదున్న ఎర్ర మీట బొటనవేలితో నొక్కి పట్టింది.

"ప్రయారిటీ లెఫ్ట్" అంది విమానం, ఇక ఎడమ చేతి మాటే వింటానన్నట్టు.

ఆ మీట నొక్కితే అవతలి స్టిక్ చచ్చినట్టే. అదీగాక, అవతలి స్టిక్ ఉండాల్సిన చోట లేకపోతే నొక్కినవాళ్ళ ముందు పచ్చ దీపం వెలుగుతుంది. ఆమె కళ్ళ ముందు పచ్చ దీపం వెలిగింది. మీట మాత్రం వదల్లేదు. చక్రాలు నేలని తాకిన సంగతి చప్పుడుని బట్టి కాదు, వేగం తగ్గుతుంటే తెలిసింది.

విమానం ఆగింది. లైట్లు వేశారు. పెదనాన్న చెయ్యి ఇంకా స్టిక్ మీదే ఉంది, తీయడం మర్చిపోయినట్టు.

"ల్యాండింగ్ బాగుంది. మీరు పాసయ్యారమ్మా," అన్నాడు ఉప్పులేనాయన. అతని నోట 'బాగుంది' అన్న మాట వినడం ఎవరికైనా అదే మొదలు. తర్వాత కుడి సీటు వైపు తిరిగాడు. "పచ్చ దీపం నేనూ చూశాను కెప్టెన్. ఆ చెయ్యి సంగతి మీరు చెబుతారా?"

ఆమె ఆయన్నే చూస్తూ కూర్చుంది. సాయం చెయ్యలేదు. అడ్డూ పడలేదు.

పెదనాన్న బెల్టు విప్పుకున్నాడు. లేవలేదు.

"అలవాటని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. మొదటిసారి నిజంగా అలవాటే సార్. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. మా అమ్మడు ఫెయిలైంది. కళ్ళ ముందు పెరిగిన పిల్ల ఏడుస్తుంటే నాకు లోపల సంతోషం వేసింది. తప్పంతా అక్కడే మొదలైంది. పాతవాళ్ళకి ఈ విమానం రాదని పైవాళ్ళతో వాదించింది నేనే. ఇది పాసైతే బోయింగ్‌లు పోతాయి, నేనూ పోతాను. అందుకని రెండోసారి తెలిసే తోశాను. ఇవాళ ఒళ్ళో పెట్టుకుంటానని మాటిచ్చి మరీ తోశాను. యోక్ అయితే దీని అరచేతికి తెలిసిపోయేది. ఇందులో ఎవరికీ తెలియదని ధైర్యం. ఇంకోటి కూడా చెప్పాలి. ఈ విమానం లైసెన్సు నా జేబులో ఉందే గానీ, దీన్లో ఒక్కరోజు కూడా భయం లేకుండా దిగలేదు నేను. అది ఒప్పుకోలేక నిన్ను ముంచబోయాను అమ్మడూ. సార్, ఆ రెండు ఫెయిళ్ళూ ఈ అమ్మాయివి కావు, నావి. నా పేరు మీదే రాయండి."