పూజలో కూర్చున్న ప్రేమకథ

నేను ఒక ఇంగ్లీషు ప్రేమకథను. అయినా తెనాలిలో ఆ ఇంట అడుగుపెట్టిన పూట నావల్ల జరిగిన గొడవ ప్రేమ గురించి కాదు, పెరుగు గిన్నె గురించి.

"పుస్తకం మీద గిన్నె పెడతారా ఎవరైనా?" అంది సుభాషిణి.

"అడుగున తడి లేదని చూసుకునే పెట్టాను," అన్నాడు ఆమె భర్త భాస్కర్, ఫోనులోంచి తల ఎత్తకుండా.

"మీరు గిన్నె అడుగు చూశారు. పుస్తకాన్ని చూడలేదు."

నిజమే. చూసి ఉంటే, నా ముఖచిత్రంలో గోడకు చెరోవైపు నిలబడి చేతులు చాచిన అమ్మాయీ అబ్బాయీ ఆయనకు అప్పుడే కనిపించేవారు. ఆ అమ్మాయి బుగ్గ మీద తెల్లటి చార పడింది. సుభాషిణి దాన్ని తుడిచి నాకు గోధుమరంగు అట్ట వేసింది. ప్రెస్సులో నన్ను కోసి, జిగురు పూసి, పెట్టెలో కుక్కిన తరువాత అంత పొందికైన చేతులు నాకు తగలడం అదే మొదలు.

ప్రెస్సునుంచి నేను చేరింది ఒక బడి లైబ్రరీకి. ఆ బడిలో పుస్తకాల క్లబ్బు ఉంది. నవల చదివి అందరి ముందూ మాట్లాడాలి. నన్ను మొదట తీసుకెళ్లిన కుర్రాడు చివరి పేజీ మాత్రం చదివి ధీమాగా మాట్లాడేశాడు. సుభాషిణి కూతురు హిమజ అలా కాదు. తొమ్మిదో తరగతి. క్లబ్బులో అంతవరకు నోరు విప్పలేదు. దసరా సెలవులయ్యాక తనే మాట్లాడతానని, ఎలా అనగలిగిందో గాని అనేసి, నన్ను తెచ్చుకుంది.

నాలోని ఊళ్లో పదహారేళ్లు నిండినవాళ్లను సర్కారు గోడకు ఇటో అటో వేస్తుంది. కథలో పిల్ల నిచ్చెన మీద కాలు పెట్టిన చోట హిమజ నన్ను మూసి స్నానానికి లేచింది. ఆ రోజు మూలానక్షత్రం. ఆమె వచ్చేసరికి నేను సరస్వతి పటం ముందు, లెక్కల పుస్తకం కింద, కుంకుమ బొట్టుతో కూర్చుని ఉన్నాను. ఆ ఇంట్లో పూజలో పెట్టిన పుస్తకాన్ని విజయదశమిదాకా కదపరు.

"నానమ్మా, ఆ గోధుమరంగు అట్టది ఒక్కటీ తీసుకుంటానే."

"సోషలేగా. నాలుగు రోజులు చదవకపోతే కొంప మునగదులే," అంది కోటేశ్వరమ్మ.

"సోషల్ కాదు. నవల."

భాస్కర్ ఫోను పక్కన పెట్టాడు. ఏం నవలో కూతురి చేత చెప్పించాడు. "బళ్లో ప్రేమకథలిస్తున్నారా? సెలవులవగానే తిరిగిచ్చెయ్. ఆ క్లబ్బులో పేరు కూడా తీయించుకో."

మర్నాడు పువ్వులు కడుతూ నానమ్మే కదిపింది. "ఇంతకీ ఏమిటే ఆ కథ?"

హిమజ చెప్పింది. ఇంగ్లీషులో పుట్టిన నేను నన్ను నేను తెలుగులో వినడం అప్పుడే. సిగ్గేసింది, బాగుంది కూడా.

"గోడ కట్టించినవాడు ఏ వైపున ఉంటాడే?" అంది కోటేశ్వరమ్మ.

"అది ఇంకా రాలేదు నానమ్మా."

"మరి ఆ పిల్ల నిచ్చెనెక్కిందా?"

"అదే నాకూ తెలియాలి. నువ్వేగా పుస్తకాన్ని అక్కడ కూర్చోబెట్టావు."

తరువాత నన్ను చాలామంది చదివారు. కాని నాకోసం ఇద్దరు కలిసి ఎదురుచూడడం ఆ ఇంట్లోనే చూశాను. ఆ రుణం తీరేది కాదు.

పండగనాడు పుస్తకాలన్నీ లేచాయి. భాస్కర్ నన్ను ఒక్కదాన్నీ విడదీసి ఫ్రిజ్ మీద పెట్టాడు, బడికి పంపడానికి. అందరూ భోజనాలకు కూర్చున్నారు. సుభాషిణి గారెలు వడ్డిస్తోంది.

"ఒరే భాస్కరం, ఆ పుస్తకం ఎక్కడికీ పోదు," అంది కోటేశ్వరమ్మ. "అక్షింతలు వేసి పూజ చేశాను. సగంలో మూసి పంపిస్తే ఆ తల్లికి నేనేం చెప్పుకోను?"

"పొరపాటున పెట్టావు కదమ్మా."

"పెట్టడం పొరపాటే. పూజ పొరపాటు కాదుగా."

సుభాషిణి ఆయన విస్తట్లో మరో గారె వేసి, నవ్వు కనిపించకుండా వంటింట్లోకి తిరిగింది.

"చెయ్యి కడుక్కోగానే హిమజ చదివి చెబుతుంది, నేను వింటాను. క్లబ్బుకీ వెళ్లి మాట్లాడుతుంది. నీకు వినడం ఇష్టం లేకపోతే లోపల పడుకో," అంది కోటేశ్వరమ్మ.

హిమజ ముద్ద చేతిలోనే పట్టుకుని నాన్న వైపు చూసింది. భాస్కర్ గారె తుంచి అల్లప్పచ్చట్లో అద్దాడు.

"మధ్యనుంచి వింటే నాకేం అర్థమవుతుంది? మొదటినుంచీ చెప్పమను."