ఒకవేళ గారి ఖాళీ గడి

రెండో అంతస్తు మెట్ల మలుపులో, గోడకు తగిలించిన మంటలార్పే సిలిండరు ముందు ఆయన ఆగాడు. ముల్లు పచ్చగీత మీదే ఉంది. నిన్నా అక్కడే ఉంది, మొన్నా అక్కడే ఉంది. అయినా అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, పక్కన వేలాడుతున్న అట్టమీద పెన్సిలుతో టిక్కు పెట్టాడు. లిఫ్టు ఉంది, కానీ ఆయన ఎక్కడు. ఒకవేళ మధ్యలో ఆగిపోతే? కొన్నాళ్ళుగా ఆ మలుపులో ఆగడానికి సిలిండరు ఒక్కటే కారణం కాదు. ఊపిరి అందడం లేదు. ఆ మాట మాత్రం ఏ అట్టమీదా రాయలేదు.

బక్కపలచని మనిషి. ముందుకు వంగిన మెడ, పెద్ద చెవులు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్ళు. ఒకటి విరిగితే ఇంకొకటి. గొడుగులూ రెండే. సినిమాకు వెళ్తే తెరకంటే బయటికి పోయే దారినే ఎక్కువసేపు చూస్తాడని భార్య నలుగురిలో చెప్పి నవ్వుతుంది. మూత పెట్టని పెన్ను ఏ బల్లమీద కనిపించినా, మూత వెతికి పెట్టేదాకా ఆయనకు కాలు కదలదు. ప్రతి మాటా "ఒకవేళ"తో మొదలుపెడతాడు కాబట్టి ఆఫీసులో ఆయన పేరు ఒకవేళ గారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎవరికీ గుర్తులేదు.

మందులూ టీకాలూ చల్లగా నిల్వచేసి ఆసుపత్రులకు పంపే పెద్ద సంస్థ అది. అందులో గిడ్డంగుల రిస్కు విభాగాన్ని ఇరవైమూడేళ్ళుగా ఆయనే చూస్తున్నాడు. జరగబోయే చెడును ముందే ఊహించి, కాగితం మీద పెట్టి, జరగకుండా చూడటం పని. కరెంటు పోవచ్చు, చల్లగది తలుపు రబ్బరు చిరగవచ్చు, కీలకమైన మనిషి ఒకడు రేపట్నుంచి రాకపోవచ్చు. ఒక్కోదానికి జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత అని అయిదుకు మార్కులు వేసి, రెండూ హెచ్చవేసి, ఎరుపో పసుపో పచ్చో రంగు పూస్తాడు. ప్రతి సోమవారం పట్టిక మొత్తం అచ్చు తీయించి, ముందు పెన్సిలుతో దిద్దుతాడు. పట్టికలో ఒక్క గడి ఖాళీగా కనిపించినా సరే, ఎంతటి అధికారినైనా ఫోన్లమీద ఫోన్లు చేసి ప్రాణం తీస్తాడు.

ఇవాళ సోమవారమే. సాయంత్రం నాలుగింటికి సంస్థ మొత్తానికీ రిస్కు అధిపతి ఎవరో ప్రకటిస్తారు. పాతాయన రిటైరయ్యాడు. ఆ కుర్చీ కోసం ఒకవేళ గారు పన్నెండేళ్ళుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాడు. పోటీలో ఉన్నది ఇద్దరే. ఆయన, ఆయన శిష్యురాలు.

శిష్యురాలని ఆయనే అంటాడు, అదీ పళ్ళు నూరుకుంటూ. పదకొండేళ్ళ కిందట ఆమె ఈ విభాగంలోనే చేరింది. పట్టిక ఎలా చదవాలో, గోడమీద చెమ్మ చూసి పైపు ఎక్కడ కారుతోందో ఎలా పసిగట్టాలో వేలుపట్టి నేర్పింది ఆయనే. మూడేళ్ళు పనిచేసి రవాణా విభాగానికి మారిపోయింది. వెళ్తూ వెళ్తూ ఒక సిరా పెన్ను పెట్టెలో పెట్టి ఇచ్చింది. ఆయన దాన్ని సొరుగులో పడేశాడు. ఇప్పుడు రవాణా రిస్కుకు ఆమే పెద్ద. ఆమె నడవాలో నడిచి వస్తుంటే ఎంతమంది నవ్వుతూ పలకరిస్తారో ఆయన లెక్కపెడతాడు. పోయిన శుక్రవారం పద్నాలుగు మంది. తనను పలకరించినవాళ్ళు ఇద్దరు, అందులో ఒకడు కళ్ళద్దాలు మరిచిపోయి వచ్చినవాడు.

అసలు కడుపుమంట వరదనాటిది. రెండేళ్ళ కిందట ఒక రాత్రికి రాత్రే గిడ్డంగి కింది అంతస్తు నీళ్ళతో నిండిపోయింది. శిష్యురాలు పదిహేడు లారీలు తెప్పించి, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి టీకాలన్నీ తరలించింది. సంస్థ పత్రికలో ముఖచిత్రం వేశారు. ఎక్కడ చూసినా ఆమె మాటే. లారీలు వచ్చేదాకా చల్లగదులు ఎలా నడిచాయని ఒక్కరూ అడగలేదు. అంతకు ఆరేళ్ళ ముందు, కింది అంతస్తులో ఉన్న జనరేటరును పోట్లాడి పోట్లాడి పైకెక్కించింది ఒకవేళ గారు. అది కిందే ఉంటే ఆ రాత్రి లారీల్లోకి ఎక్కించడానికి పనికొచ్చే టీకా ఒక్కటీ మిగిలేది కాదు. జరిగినదాన్ని సర్దినవాళ్ళకు చప్పట్లు. జరగకుండా ఆపినవాడికి? వాడేం చేశాడని?

ఆ పత్రిక ఆయన సొరుగులో, పెన్ను పెట్టెకిందే ఉంది. అప్పుడప్పుడూ తీసి చూసుకుని, కళ్ళలో నిప్పులు పోసుకుని, మళ్ళీ లోపల పెడతాడు. నెల కిందట ఎవరూ చూడకుండా ఒక చీటీమీద ఆమెను కూడా లెక్కవేశాడు. ఆ కుర్చీ ఆమెకు వచ్చే అవకాశం: రెండు. వస్తే నష్టం: అయిదు. పది. పసుపు రంగు. కొంత ఊరట కలిగి చీటీ చించేశాడు.

పదకొండింటికి ఎండీ నుంచి పిలుపు వచ్చింది. కాలరు సవరించుకుని, మెట్లమీదుగా అయిదో అంతస్తుకు వెళ్ళి, తలుపు బయట నిలబడి ఆయాసం తీరాక లోపలికి అడుగుపెట్టాడు.

ఎండీ లేచి నిలబడి చేయి కలిపాడు. ఆ మర్యాద చూడగానే ఒకవేళ గారికి సంగతి అర్థమైంది. మంచి వార్త చెప్పేవాళ్ళు కూర్చునే చెబుతారు.

"నాలుగింటికి అందరిలో వినడంకంటే ముందే మీకు చెప్పాలనిపించిందండీ," అన్నాడు ఎండీ. "ఆవిడకే ఇస్తున్నాం."

"వరద వల్లేనా సార్?"

"కాదు, మీ పట్టిక వల్ల."

ఎండీ ఒక కాగితం ముందుకు జరిపాడు. దానిమీద 'కీలక వ్యక్తులు' అని శీర్షిక. ఎవరు ఉన్నట్టుండి రాకపోతే వాళ్ళ పని ఎవరు చూడాలో చూపించే జాబితా. దాన్ని తయారుచేసిందే ఒకవేళ గారు. శిష్యురాలి పేరు ఎదురుగా రెండు పేర్లున్నాయి. ఎండీ పేరు ఎదురుగా కూడా ఒకటుంది. ఒకవేళ గారి పేరు ఎదురుగా ఉన్న గడి మాత్రం తెల్లగా ఉంది.

"మిమ్మల్ని పైకి తీసుకుంటే కింద ఎవరు చూస్తారండీ? పదకొండేళ్ళ కాగితాలు తెప్పించాను. ప్రతిసారీ ఖాళీయే. మీకే తెలుసుగా, ఖాళీ గడి అంటే ఏ రంగో."

ఎరుపు. ఆ నియమం పెట్టింది ఆయనే.

ఏం చెబుతాడు? మరిచిపోయాననా? ఊరందరి గడులూ నింపించినవాడు తన గడి మరిచిపోతాడా? ఆ గడిలో ఎవరి పేరు రాసినా, తాను లేకపోయినా పని సాగుతుందని సొంత చేతులతో ఒప్పుకున్నట్టే. తాను లేనినాడు ఆఫీసంతా అల్లకల్లోలం కావాలి, అప్పుడు తెలిసిరావాలి వీళ్ళకు, అనుకునేవాడు. ఖాళీ గడి చూసి తన విలువ తెలుసుకుంటారనుకున్నాడు. వాళ్ళు దాన్ని రిస్కు కింద చదివారు. అలా చదవడం వాళ్ళకు నేర్పింది కూడా తనే.

"మంచిదండీ," అని లేచాడు.

నాలుగింటికి కింది హాల్లో చప్పట్లు మోగాయి. ఆయన కూడా కొట్టాడు, రెండు అరచేతులూ ఒకదానికొకటి తగలకుండా. అయిదు దాటాక గది తలుపు దగ్గర అలికిడయింది. శిష్యురాలు. నలభై దాటింది, చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు, చేతిలో ఎవరో ఇచ్చిన పూలగుత్తి. దాన్ని బయట కుర్చీలో పెట్టి లోపలికి వచ్చింది.

"కూర్చోవచ్చా సార్?"

"కూర్చోమ్మా... కూర్చోండి."

"అయ్యో, నువ్వనే పిలవండి సార్. కొత్తగా ఆ మీరేంటి?"

ఆయన పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాడు.

"జనరేటరు సంగతి నేను మీటింగులో చెప్పాను సార్," అంది ఆమె. "అది పైనుండబట్టే కదా మందులు దక్కాయి. పత్రికవాళ్ళకీ చెప్పా. లారీల ఫొటో బావుందని అదే వేసుకున్నారు."

ఆయనకు ఇంకా మండింది. పదవి వచ్చింది, పేరు వచ్చింది, దానిమీద ఈ మంచితనం కూడా ఎందుకు? ఒక్క తప్పయినా ఉంటే హాయిగా తిట్టుకునేవాడు కదా.

"అప్పుడు నేనిక్కణ్ణించి ఎందుకెళ్ళిపోయానో తెలుసా సార్?"

"రవాణాలో పైకొచ్చే దారులెక్కువని."

"కాదు. సోమవారం సోమవారం ఆ కాగితం అచ్చుతీసింది నేనేగా. మీ ఎదుటి గడిలో ఈ వారమైనా నా పేరుంటుందేమోనని చూసేదాన్ని. మూడేళ్ళు చూశా సార్. ఒక్కసారి రాసుంటే ఇక్కడే ఉండిపోయేదాన్ని, మీ కిందే."

కోపంగా అనలేదు. ఎప్పటిదో పాత జ్వరం గురించి చెప్పినట్టు చెప్పింది. రేపు పదింటికి కలుద్దామని చెప్పి లేచింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "మీ పట్టిక మీ దగ్గరే ఉంటుంది సార్. దాన్నెవరూ ముట్టుకోరు," అని వెళ్ళిపోయింది.

పోటీకి తెచ్చుకున్నది తనే అన్నమాట. ఒక గడిలో పెన్సిలుతో నాలుగక్షరాలు రాయడానికి ఓర్వలేక, మనిషిని చేజేతులా బయటికి పంపి, పైకెక్కించి, ఆ పైకెక్కినదాన్ని చూసి ఎనిమిదేళ్ళు కుళ్ళుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గుతోపాటు అసూయ కూడా అలాగే ఉంది, దాని చోటు అది వదల్లేదు.

అసిస్టెంటు సంచీ భుజాన వేసుకుని సెలవు తీసుకోవడానికి వచ్చాడు. ఏడేళ్ళుగా పక్క బల్ల దగ్గర కూర్చుంటున్న మనిషి, నలభై అయిదేళ్ళవాడు, మూగనోము పట్టినట్టు ఉంటాడు.

"ఒకవేళ నేను రేపు రాలేదనుకో. ఏం చేస్తావు?" అడిగాడు ఒకవేళ గారు.

అసిస్టెంటు సంచీ కింద పెట్టాడు.

"ఎనిమిదిన్నరకి చల్లగదుల డిగ్రీలు చూస్తానండి. తొమ్మిదికి జనరేటరు అయిదు నిమిషాలు నడిపిస్తా. తర్వాత నాలుగో గది తలుపు రబ్బరు మార్పించాలండి."

"నాలుగోదా? మొన్నేగా చూశాను, బాగానే ఉంది."

"కింద మూలన అరచెయ్యంత ఊడిందండి. పైనుంచి కనపడదు, పడుకుని చూడాలి. చూశాను."

పాపిష్టి మనసు, అప్పుడు కూడా చురుక్కుమంది. ఎప్పుడు నేర్చుకున్నాడు ఇదంతా? అయినా ఆయన తల ఊపాడు.

"రేపు మార్పించు. నన్నడగక్కర్లేదు."

"అలాగేనండి. వెళ్ళొస్తానండి."

అతని అడుగుల చప్పుడు మెట్లమీద ఆగిపోయాక సొరుగు తెరిచాడు. పత్రికను అలాగే ఉంచి, దానిమీదున్న పెన్ను పెట్టె తీశాడు. పెన్సిలుతో రాస్తే రేపు ఉదయం చెరిపేస్తాడు. తన సంగతి తనకు తెలియనిదా? పెట్టెలోనే ఉన్న సిరా గొట్టం బిగించాడు. కొత్త పెన్ను మొదట గీరింది, తర్వాత సిరా దిగింది. ఈ వారం కాగితంలో, తన పేరు ఎదుటి ఖాళీ గడిలో అసిస్టెంటు పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, నిదానంగా రాశాడు. కింద సంతకం, తేదీ. సిరా ఆరే లోపే కాగితాన్ని కంప్యూటరులోకి ఎక్కించి అందరికీ పంపించాడు, మనసు మారకముందే. గొడుగు తీసుకుని తలుపు వేశాడు. మూడుసార్లు లాగి చూసేవాడు, ఒక్కసారే లాగి మెట్లు దిగాడు.

ఇంట్లో భార్య ఆయన మొహం చూసి ఏమీ అడగలేదు. అడగకపోతే తానే చెబుతాడని ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

"అమ్మాయికే ఇచ్చారు," అన్నాడు, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటూ.

"మీ శిష్యురాలికేనా?"

"ఆఁ. నాకేం సంతోషంగా లేదు."

"ఉండకపోతే పోనీండి. దానిక్కూడా మార్కులేస్తారా ఏంటి? ఉండండి, మంచినీళ్ళు తెస్తా."

ఆమె నీళ్ళు తెచ్చేసరికి ఒక బూటు విప్పి ఉంది. రెండో తాడు వేళ్ళ మధ్యనే ఉంది. తల గోడకు ఆనించి, బయటికి పోయే తలుపు వైపు చూస్తున్నట్టు కూర్చున్నాడు.

మర్నాడు ఎనిమిదింటికి కబురు ఆఫీసుకు చేరింది. శిష్యురాలు పట్టిక తెరిచి, ఆయన రాసిపెట్టిన పద్ధతి ప్రకారమే అన్నీ జరిపించింది. ఎనిమిదిన్నరకు అసిస్టెంటు చల్లగదుల డిగ్రీలు చూశాడు. తొమ్మిదికి జనరేటరు అయిదు నిమిషాలు నడిచింది. పదింటికి అందరూ రెండు నిమిషాలు లేచి నిలబడ్డారు. పదకొండుకల్లా నాలుగో గదికి కొత్త రబ్బరు వేశారు. ఒక్క ఫోను ఎత్తకుండా పోలేదు, ఒక్క మందుపెట్టె పాడవలేదు, ఒక్క లారీ ఆలస్యం కాలేదు. తాను లేనినాడు జరగాలని ఆయన కోరుకున్న అల్లకల్లోలం ఎక్కడా జరగలేదు. ఆయనే దాన్ని ఆపేసి వెళ్ళాడు.

మధ్యాహ్నం శిష్యురాలు ఆయన గదికి వచ్చింది. ఇంటికి పంపాల్సిన వస్తువులు పెట్టెలో సర్దాలి. రెండో కళ్ళజోడు, రెండో గొడుగు, చెక్కిన పెన్సిళ్ళ డబ్బా. ఆమె చేయి బల్ల మధ్యకు వచ్చి ఆగింది. నిన్నటి కాగితం మీద, సిరా నింపిన గడి పక్కన, తాను ఎనిమిదేళ్ళ కిందట ఇచ్చిన పెన్ను పాళీ ఆరిపోయి మూత లేకుండా పడి ఉంది.