పేరు కిరాయి

నారాయణఖేడ్ బస్టాండు ఎదుట బస్వరాజ్‌కు జిరాక్స్ దుకాణం ఉంది. కానీ అతని అసలు వ్యాపారం వేరు: కొత్తగా మార్కెట్‌కు వచ్చే కంపెనీల షేర్లకు అప్లికేషన్లు పెట్టడం. చిన్న మదుపుదారులకూ షేర్లు దక్కాలని ఒక పాన్ కార్డుకు ఒకే అప్లికేషన్ అని సర్కారు రూలు పెట్టింది. అడిగేవాళ్లు ఎక్కువైతే లాటరీ తీస్తారు. రూలు మంచిదే. మన బస్వరాజ్ దానికీ మందు కనిపెట్టాడు. నాగల్‌గిద్ద కూలీల పాన్ కార్డులు ఇరవై పోగేశాడు. షేర్ల డబ్బు తనే వాళ్ల ఖాతాల్లో వేస్తాడు, పేరు వాడుకున్నందుకు వాళ్లకు కొంత కిరాయి ఇస్తాడు, లాభం తను తీసుకుంటాడు.

ఈసారి అతనికి చేతిలో డబ్బు తక్కువైంది. ఆ ఇరవై మందిలో ఒకడైన కాలేబు ఖాతాలో పత్తి ఏరిన కూలి పదిహేను వేలు కనిపించాయి.

"నీ పైసలు నీ ఖాతాలనే ఉంటయి కాలేబ్. వారం దాక తాళమేస్తరు, గంతే," అన్నాడు. కాలేబు నమ్మి తన ఫోనులో తనే పిన్ నొక్కాడు.

మరునాడు, అప్లికేషన్లకు ఆఖరి రోజున, కాలేబు భార్య గ్రేసమ్మ జ్వరంతో స్పృహ తప్పింది. జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానవాళ్లు పదిహేను వేలు కడితేనే చేర్చుకుంటామన్నారు. ఖాతాలో డబ్బు కనిపిస్తోంది గాని కదలడం లేదు. రెండు గంటలకు కాలేబు ఫోన్ చేశాడు.

"సేఠ్, నీ కాళ్లు మొక్కుత. నా పైసలు ఇడిపియ్యి. గ్రేసమ్మ కండ్లు తెరుస్తలేదు."

"నా చేతుల ఏం లేదు కాలేబ్. సర్కార్ రూలు గది. వారం ఆగాల్సిందే."

పచ్చి అబద్ధం. సాయంత్రం ఐదు లోపు అప్లికేషన్ వెనక్కి తీసుకుంటే డబ్బు విడుదలవుతుంది. రెండు నిమిషాల పని, కంప్యూటర్ ఎదురుగానే ఉంది. కానీ లాటరీ ఏ పేరుకు తగులుతుందో ఎవరికి తెలుసు? కాలేబు ఇంకా నాలుగుసార్లు బతిమాలాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. తర్వాత బస్వరాజ్ ఫోన్ పక్కన పడేసి టీ తెప్పించుకున్నాడు. ఇలాంటివాణ్ణి తిట్టడానికి నాకు మాట చాలడం లేదు.

సంగారెడ్డి సర్కారు దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే గ్రేసమ్మ ప్రాణం పోయింది.

ఇరవై పేర్లలో షేర్లు కాలేబు ఒక్కడికే పడ్డాయి. మార్కెట్‌లో మొదటి రోజే ధర సగానికి సగం పెరిగింది. అమ్మాలంటే కాలేబు ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. బస్వరాజ్ బండేసుకుని నాగల్‌గిద్ద పోయాడు. శవపెట్టె చేసిన వడ్ల భూమన్న అప్పటికే తన డబ్బుల కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నంబర్ వచ్చింది చూడు, చెప్పు. అమ్ముతే నీ పదిహేను వేలు నీకొస్తయి," అన్నాడు బస్వరాజ్.

కాలేబు ఫోన్ పట్టుకుని అతని ముఖంలోకి చూశాడు.

"గా దినం ఐదు గొట్టేదాక పైసలు ఎనుకకు తీస్కోవచ్చునట. బ్యాంకుల చెప్పిన్రు. నిజమేనా సేఠ్?"

బస్వరాజ్ గుమ్మంలోని భూమన్న వైపు ఒకసారి చూశాడు. ఇక అబద్ధమాడే అవసరం కూడా కనిపించలేదు.

"నిజమే. ఇగ నంబర్ చెప్పు, రేటు దిగుతుంది."

కాలేబు కళ్లు తుడుచుకున్నాడు. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఆరు అంకెలూ ఒక్కొక్కటే, తప్పు పోకుండా చదివి చెప్పాడు.