రౌహా బరువు

"'ఆ బండికి బ్రేకుల్లేవమ్మా, ఉన్నదల్లా దేవుడి దయే' అన్నాడు రేనో. నీ ఎదురుగానే అన్నాడు. నువ్వు కాఫీలో రొట్టె ముంచుకుంటూ గోడకేసి చూస్తున్నావ్!" అంది రౌహా, సీటుకి ఆనీ ఆనకుండా బెల్టు కింద తేలుతూ.

"వాడు మెకానిక్కు. మెకానిక్కులు అలాగే అంటారు," అన్నాడు ఓన్ని, స్టీరింగు తిప్పుతూ. "అయినా వాడికి నా బండి మీద కన్ను."

"ఈ తుప్పు డబ్బా మీదా? వాడికేం ఖర్మ?"

వెనకాల ట్రైలరు మీద పడవ గడగడలాడుతూ వస్తోంది. సుపీరియర్ సరస్సు మీద మంచు కరిగిన దగ్గర్నించీ మళ్లీ గడ్డకట్టేదాకా వాళ్లిద్దరికీ పొద్దున్నే ఇదే పని. ఇదే బండి, ఇదే పోట్లాట.

అంతకుముందు ఆ సీట్లో కూర్చునేది రౌహా మొగుడు ఈరో. ఓన్నీ, ఈరో కుర్రప్పట్నించీ కలిసి చేపలు పట్టినవాళ్లు. ఈరో చనిపోయిన చలికాలమే రౌహాకి బరువు పోవడం మొదలైంది. ముందు మంచులో అడుగులు పడడం మానేశాయి. తర్వాత మెట్లు కిర్రుమనడం మానేశాయి. ఒకరోజు కొట్లో ఎవరో తలుపు తీస్తే, గాలికి వెళ్లి పైఅరలో టమాటా డబ్బాల పక్కన ఆగింది. కొట్లో పిల్ల ఆమె కోటు అంచు పట్టి కిందికి లాగి, "సంచి తెచ్చుకున్నారా, ఇమ్మంటారా?" అని అడిగింది. చర్చి పాస్టరు గారు పాతబడిన పాటల పుస్తకాలిచ్చి జేబుల్లో వేసుకోమన్నారు. అవి కొన్నాళ్లే పనిచేశాయి.

ఓన్ని ఎవర్నీ అడగలేదు. పడవ తాడొకటి తెచ్చి ఒక కొస ఆమె నడుముకి కట్టాడు, రెండో కొస బండి ముందున్న కొక్కేనికి. "ఇంట్లో కప్పుకి అంటుకుని ఏం చేస్తావ్? నాతో రా," అన్నాడు. సరస్సు మీద ఆ కొస పడవకి మార్చి తాడు వదులు చేస్తే ఆమె పైనుంచి చేపల గుంపు ఎటుందో చెప్పేది. నడుము దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక్క లాగుడుకి ఊడొచ్చే ముడే వేసేవాడు.

"బండికేమన్నా అయితే లాగెయ్. నాతోపాటు నువ్వు మునగక్కర్లేదు."

రోజూ ముడేస్తూ అదే మాట అనేవాడు.

రేవుకి దిగే చివరి వాలు బాగా పొడుగు. ఆ పొద్దున దిగుతుంటే ఏదో కాలిన వాసనొచ్చింది.

"వాసనొస్తోంది, ఓన్నీ."

"మాంసం కూరిన పాస్టీ రొట్టె మాడిందేమో."

"పాస్టీ పొట్లం నా ఒళ్లోనే ఉంది. బ్రేకులు!"

"నీళ్లలోకి దిగితే చల్లారతాయిలే."

రేనో నెత్తీ నోరూ కొట్టుకునేది దానికే. ఆ ఏడు సరస్సులో నీళ్లు బాగా వెనక్కి పోయాయి. పడవ తేలాలంటే ట్రైలరుతో పాటు బండి వెనక చక్రాలు కూడా మునగాల్సిందే. కాలిపోతున్న బ్రేకుల్ని తీసుకెళ్లి రోజూ చన్నీళ్లలో ముంచితే ఎన్నాళ్లుంటాయి? హ్యాండ్ బ్రేకు తీగ ఎప్పుడో తుప్పుపట్టి తెగింది. ఓన్ని పక్క తలుపైతే లోపల్నించి తెరుచుకోదు, అద్దం దిగదు. రోజూ రౌహా చక్రం కింద మొద్దు పెట్టి, బయట్నించి తలుపు తీస్తేనే అతను దిగేది.

రేవు దగ్గర పాస్టీ పొట్లం సీట్లో పెట్టి దిగి, పడవ పట్టీలు విప్పి, రౌహా బండి వెనక్కెళ్లి వెతికింది.

"ఈరో కోసిన మొద్దేది?"

ఓన్ని చెవి గోక్కున్నాడు. "నిన్న శనివారం కదా... సౌనాలో ఆవిరి స్నానానికి కట్టెలు చాల్లేదు."

"కాల్చేశావా?"

"మంచి వేడొచ్చింది," అన్నాడు, మెచ్చుకుంటున్నట్టే. "దాని బదులు దేవదారు ముక్క తెచ్చాగా. అదిగో."

ఆమె ఆ ముక్క చంకలో పెట్టుకుంది. ఓన్ని బండి వెనక్కి నడిపాడు. చక్రాలు మునిగాయి, పడవ ట్రైలరు మీంచి మెల్లగా తేలింది. రౌహా వంగి ముక్కని చక్రం వెనక తోసింది. ఈరో మొద్దు బరువైన బర్చ్ చెట్టుది, తోసినచోటే ఉండేది. ఈ ముక్క చక్రం కిందినించి జారి, పైకి లేచి, బాతులా ఈదుకుంటూ వెళ్లిపోయింది.

లోపల ఓన్ని బ్రేకు తొక్కాడు. పెడలు నేలకంటా దిగిపోయింది. మళ్లీ తొక్కాడు. ఏమీ లేదు. గేరేసి ముందుకి పోనిచ్చాడు, పాచిపట్టిన సిమెంటు మీద చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది, ముందు నిదానంగా, తర్వాత తొందరగా.

తాడు బిగుసుకుంది. బండి ముందుకి, ఒడ్డు వైపుకి తప్పుకున్న రౌహా గాలిపటంలా అడ్డంగా సాగిపోయింది.

నీళ్లు తలుపు సగానికొచ్చాయి, ఆ ఒత్తిడికి రౌహా వైపు తలుపు కూడా తెరుచుకోవట్లేదు. అద్దం వెనక ఓన్ని నోరు కదులుతోంది. "ముడి లాగెయ్! లాగెయ్యవే!"

ముడి కొస ఆమె చేతికందింది. గాలి ఒడ్డునించి సరస్సు మీదికి వీస్తోంది. ఒక్క లాగుడు. పొగమంచు మీదుగా, ఈరో బూడిద కలిపిన వైపు, ఎవరికీ భారం లేకుండా వెళ్లిపోవచ్చు. అలా వెళ్లిపోవాలని చాలాసార్లు అనుకుంది కూడా.

అప్పుడు చూసింది. ఆ మనిషి అరుస్తూనే, పాస్టీ పొట్లాన్ని తడవకుండా నెత్తి మీద పట్టుకున్నాడు.

రౌహాకి ఒళ్లు మండిపోయింది. ఈరో మొద్దు కాల్చేసింది కాక, ఇప్పుడు వీడు కూడా పోతాడా?

"చచ్చావంటే చంపేస్తానొరేయ్!" అని అరిచింది.

ఆమె మడమ నేలకి తగిలింది. తర్వాత రెండో మడమ. బూట్లు పాచిని చీల్చుకుని సిమెంటులోకి దిగాయి, పిండిలోకి దిగినట్టు. తాడు కంగుమంది.

బండి ఆగిపోయింది.

రౌహా వెనక్కి తిరిగి ఒడ్డు మీదికి నడిచింది. ఒక్కో అడుగూ దిగబడుతోంది, మొండికేసిన ఆవులా బండి వెనకే వస్తోంది. పైన చదునుకి తెచ్చి తలుపు తీసేసరికి నీళ్లన్నీ ఆమె బూట్ల మీద పడ్డాయి. ఓన్ని పళ్లు టకటకలాడుతున్నాయి.

"త... తడవలేదు," అన్నాడు పొట్లం చూపిస్తూ.

"నోర్ముయ్," అని పక్క సీట్లో కూలబడింది రౌహా. బండి ఆ వైపుకి ఒరిగిపోయింది. ఓన్ని ఆ ఒరుగు చూశాడు, ఆమెని చూశాడు, పాస్టీ విరిచి పెద్ద ముక్క ఆమెకిచ్చాడు.

మధ్యాహ్నానికి రేనో వచ్చి సిమెంటులో దిగబడ్డ అడుగుల్ని కాలితో తడిమాడు. "దేవుడి దయకి బూట్ల సైజు కూడా ఉందే," అని, బ్రేకులన్నీ ఊడదీసుకెళ్లాడు. ఈసారి పానాలు అందించింది ఓన్నీయే.

మళ్లీ శనివారం సౌనాలో రౌహా పైబల్ల ఎక్కితే బల్ల కిర్రుమంది. ఆ చప్పుడు విని, కింద పొయ్యి దగ్గరున్న ఓన్ని చాలాసేపు వేడిరాళ్ల మీద నీళ్లు పొయ్యడం మర్చిపోయాడు. తాడు ఇప్పుడు ఆమె నడుముకి కాదు, పడవకే కడుతున్నారు.

రేవులో ఆ అడుగులు అలాగే ఉన్నాయి. పడవ దించేవాళ్లు ముందు చక్రాన్ని వాటిలో ఆనిస్తే బండి కదలదు.

ఇంతకీ, ముడి కొస మీ చేతిలోనే ఉన్నప్పుడు, అద్దం వెనక ఎవరి మొహం కనపడితే మీ కాళ్లు నేలకి ఆనుతాయి?