డాక్టరు క్లాసులో లోపం

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలు తయారుచేయడం అతని పని. ఏది చేతికిచ్చినా ఎక్కువా తక్కువా అని బేరీజు వేస్తాడు కాబట్టి అందరూ అతణ్ని తూకం అనే పిలుస్తారు. అసలు పేరు భార్యకైనా ఆలోచిస్తే గాని గుర్తు రాదు.

ఇప్పుడు చేస్తున్నది అంతరిక్షం ఆట. పాడైపోయిన ఓడలో ముగ్గురు ఇరుక్కుంటారు. తూకం కథ నడిపిస్తుంటే వాళ్లు పాచికలు వేసుకుంటూ బయటపడాలి. ఒకరు ఇంజనీరు, ఒకరు సైనికుడు, ఒకరు డాక్టరు. వీటినే క్లాసులంటారు. ఏ క్లాసూ మరీ బలిసిపోకూడదు, ఏదీ మరీ చిక్కిపోకూడదు. ఆ తూనిక కుదరకపోతే ఆట అటకెక్కినట్టే.

ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లోనే ఆడి చూస్తారు. ఇంట్లో బల్బు మార్చడానికి కూడా మొగుణ్ని కేకేసే భార్య, ఆటలో ఇంజనీరు. కింది వాటాలో ఉండే బస్సు డ్రైవరు సైనికుడు. ఓడ నడిపే క్లాసు పెట్టావంటే నేను రానని అతను ముందే చెప్పేశాడు, సెలవునాడు కూడా స్టీరింగేనా అని. డాక్టరు తూకం అక్క. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. ఒక్కతే ఉంటుంది.

డాక్టరు తన ఒంట్లోని ప్రాణం కొంత తీసి గాయపడ్డవాళ్లకి ఇవ్వొచ్చు. చిక్కల్లా అక్కడే వచ్చింది. డాక్టరు ప్రతి ఆదివారం చచ్చిపోతున్నాడు. తూకం ప్రాణం పెంచాడు. గట్టి సూటు తొడిగాడు. ఇవ్వగలిగేది సగానికి కోశాడు. అయినా ఆట ముగిసేసరికి డాక్టరు పోయేవాడు. "పోయానా? సరేలే, మీరు కానివ్వండి" అని అక్క హాయిగా లేచి కాఫీ పెట్టడానికి వెళ్లేది. తూకం మాత్రం అంకెలతో కుస్తీపడుతూ వారమంతా పళ్లు నూరేవాడు.

"క్లాసుని మార్చింది చాలు, మనుషుల్ని మార్చి చూడండి" అంది భార్య. అతనికి నచ్చలేదు. మనుషుల్ని కదిపితే తప్పు ఎక్కడుందో తెలియదని అతని నమ్మకం. అచ్చుకిచ్చే గడువు మీదకొస్తోంది కాబట్టి సరేనన్నాడు.

ఈసారి డ్రైవరు డాక్టరయ్యాడు. వైద్యం చేయమంటే చిల్లర లేదనే కండక్టరులా చూసేవాడు. ప్రాణం చుక్క చుక్కగా ఇచ్చాడు, తను నిక్షేపంలా ఉన్నాడు. తూకానికి ప్రాణం లేచొచ్చింది. క్లాసులో లోపమేం లేదు.

మరి లోపం ఎక్కడుంది అన్న ప్రశ్న వెంటనే పుట్టింది. అతనికి అది నచ్చలేదు. అక్క వైపు చూశాడు.

అక్క ఇప్పుడు సైనికుడు. సైనికుడి కవచం వేసుకున్నవాణ్ని చంపడం ఆట చేసినవాడి తరం కూడా కాదు. ఓడ తలుపు తెరుచుకుంది. బయట, తప్పించుకుపోయే చిన్న పడవలో ముగ్గురికీ చోటుంది. వెంటాడేవాళ్లు లేరు, తొందరేం లేదు.

"రా అక్కా, ఎక్కు" అన్నాడు డ్రైవరు.

"నా కవచం తీసి మరదలికిస్తున్నా. నాకెందుకిది? మీరెళ్లండి, నేనిక్కడే ఉండిపోతా."

కవచం తీసేయొచ్చని తూకం నియమాల్లో రాయలేదు. తీసేవాళ్లు ఉంటారని అతనికి తట్టలేదు. డ్రైవరు పకపకా నవ్వాడు. భార్య నవ్వలేదు. పోయిన వారం అక్క తన మిక్సీ తెచ్చి వంటింట్లో పెట్టి సరిగ్గా ఈ మాటే అంది, నాకెందుకిది అని. అంతకుముందు ఉన్ని దుప్పటి తెచ్చింది. అక్కది పెద్ద చెయ్యి అని మొగుడూ పెళ్లాం మురిసిపోయారు.

గడిచిన ఆదివారాలన్నీ ఒక్కొక్కటే తూకం కళ్లముందు తిరిగాయి. ఒక్క ఆటలోనూ డాక్టరు చావాల్సిన అవసరం లేదు. చచ్చిపోతున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇన్నాళ్లూ సూటు మందం పెంచుతూ కూర్చున్నాడు.

అక్క కాఫీకని లేచింది. అతనూ వెనకే లేచాడు. అడిగితే లేని ఆలోచన తనే తెచ్చిపెట్టినట్టవుతుందేమోనని భయం. అడక్కపోతే వచ్చే ఆదివారం ఆ కుర్చీ ఖాళీగా ఉంటుందేమోనని అంతకంటే భయం. వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క వీపు ఇటు పెట్టి కప్పులు కడుగుతోంది.

"అక్కా, ఒకటడుగుతా. నీకు చచ్చిపోవాలనుందా?"

కుళాయి పారుతూనే ఉంది. ఆమె కప్పు కడగడం మాత్రం ఆగిపోయింది.

"ఆటేగా రా" అంది.

"ఆట గురించి కాదు."

ఆమె నవ్వేసి, పిచ్చోడా అని తిడితే బాగుండునని అతనికి ఎంత ఆశగా ఉందో చెప్పలేం. కుళాయి కట్టేసి, తడి చేతులు తుడుచుకోకుండానే ఆమె ఇటు తిరిగింది. మొహంలో నవ్వు లేదు, కోపమూ లేదు. బాగా అలిసిపోయిన మనిషి మొహం అది.

"ఈ రాత్రికి నన్ను ఇంటికి పంపించకురా" అంది.